విశాఖ ఆఫీసుల్లో స్పానింగ్ ట్రీ సెటప్: ముందు రూట్ తేల్చండి, తర్వాతే మోడ్

ద్వారకానగర్‌లో నాలుగంతస్తుల కోచింగ్ సెంటర్ కానివ్వండి, పరవాడ ఫార్మాసిటీలో రెండు షెడ్ల ఫ్యాక్టరీ కానివ్వండి. నెట్ మొత్తం ఒక్కసారిగా ఆగిపోయి, స్విచ్‌ల మీద లైట్లన్నీ ఒకే ఊపున టపటపా కొట్టుకుంటుంటే మొదట అనుమానించాల్సింది లూప్‌నే. ఐపీ ప్యాకెట్ ఇన్ని రౌటర్లు దాటాక ఆగిపోవాలని ఒక లెక్క ఉంటుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి ఆ లెక్క లేదు. స్విచ్‌ల మధ్య రెండు దారులు తెరిచి ఉంటే అందరికీ వెళ్లే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ ఒక్కటి చాలు, ఎవరో ఒకరు కేబుల్ పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది. స్విచ్‌లు ఒకే మ్యాక్ అడ్రస్‌ని (పరికరం సొంత హార్డ్‌వేర్ నంబర్) ఒకసారి ఈ పోర్ట్‌లో, మరోసారి ఆ పోర్ట్‌లో చూసి తికమకపడతాయి. చివరికి స్విచ్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే టెల్నెట్, ఎస్ఎస్‌హెచ్ కూడా తెరుచుకోవు.

అలాగని రెండో దారే వద్దనుకోవడం మన ఊళ్లో కుదరదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజు స్తంభాలు, వాటి మీది కేబుళ్లు ఏమయ్యాయో విశాఖలో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. రెండు బిల్డింగుల మధ్య ఒక్క ఫైబర్‌నే నమ్ముకోకూడదు. రెండో దారి ఉండాలి, అవసరం వచ్చేదాకా మూసుకుని ఉండాలి, రాగానే దానంతటదే తెరుచుకోవాలి. రేడియా పెర్ల్‌మన్ 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో స్పానింగ్ ట్రీని తయారుచేసింది దీని కోసమే. 1990లో అది ఐఈఈఈ 802.1డీ ప్రమాణంగా వచ్చింది.

మోడ్ మార్చే కమాండ్ ఒక్కటి కొట్టేసి పని అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. మోడ్ అనేది దారి మారడానికి ఎంతసేపు పడుతుందో తేలుస్తుంది. ట్రాఫిక్ ఏ దారిన పోవాలో తేల్చేది రూట్ బ్రిడ్జ్, అంటే తెరిచి ఉన్న దారులన్నీ ఒక చెట్టులా ఏ స్విచ్ నుంచి మొదలవుతాయో ఆ స్విచ్. రూట్ తప్పు చోట ఉంటే ఎంత వేగమైన మోడ్ పెట్టినా తప్పు దారినే వేగంగా పడతారు. అందుకే ఇక్కడ రూట్ ముందు, పోర్ట్‌లు తర్వాత, మోడ్ ఆ తర్వాత. ఈ వరస తప్పకండి.

కమాండ్లని ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. స్విచ్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. స్పెల్లింగ్ అనుమానం వస్తే సగం కొట్టి ప్రశ్న గుర్తు పెట్టండి, మిగతాది స్విచ్చే చూపిస్తుంది.

మన ఉదాహరణ నెట్‌వర్క్

ఎంవీపీ కాలనీలో ఒక డిగ్రీ కాలేజీ అనుకుందాం. గ్రౌండ్ ఫ్లోర్ సర్వర్ రూమ్‌లో రెండు కోర్ స్విచ్‌లు. పై అంతస్తుల్లో ఒక్కో యాక్సెస్ స్విచ్, ప్రతిదాని నుంచి రెండు కోర్‌లకీ ఒక్కో అప్‌లింక్. ఎదురు బ్లాక్‌లో లైబ్రరీ, అక్కడికి ఫైబర్ మీద ఇంకో స్విచ్. అవే స్విచ్‌ల మీద వేరు చేసిన చిన్న నెట్‌వర్క్‌లే వీలాన్‌లు: వీలాన్ 10 ఆఫీసు, 20 ల్యాబ్, 30 వైఫై, 40 సీసీ కెమెరాలు. మీ దగ్గర ఇంతకన్నా చిన్నదైనా పెద్దదైనా పని వరస ఇదే.

ఉన్నదున్నట్టు చూడండి

ఏ కమాండ్ మార్చకముందే కాగితం మీద బొమ్మ గీయండి. ఏ స్విచ్‌లో ఏ పోర్ట్ నుంచి ఏ స్విచ్‌కి కేబుల్ వెళ్తోందో సిస్కో స్విచ్‌లలో ఇది చెబుతుంది:

షో సీడీపీ నైబర్స్

ఆ తర్వాత ప్రతి స్విచ్‌లో ఈ రెండూ కొట్టి, వచ్చింది ఫైల్‌లో దాచుకోండి:

షో స్పానింగ్-ట్రీ సమ్మరీ
షో స్పానింగ్-ట్రీ రూట్

మొదటిది ఇప్పుడున్న మోడ్ చెబుతుంది, రెండోది ఒక్కో వీలాన్‌కి రూట్ ఎవరో చెబుతుంది. ఎవరూ ఏమీ సెట్ చేయకపోతే అన్ని స్విచ్‌ల ప్రయారిటీ (రూట్‌ని తేల్చే అంకె, తక్కువున్నదే గెలుస్తుంది) 32768గానే ఉంటుంది. సిస్కోలో దానికి వీలాన్ నంబర్ కలుస్తుంది కాబట్టి వీలాన్ 10కి 32778 అని కనిపిస్తుంది. ప్రయారిటీ సమానమైతే తక్కువ మ్యాక్ అడ్రస్ ఉన్నదే రూట్. తక్కువ మ్యాక్ చాలాసార్లు అన్నిటికన్నా పాత స్విచ్‌దే అవుతుంది. స్టోర్ రూమ్‌లోంచి తీసిన పాత 100 ఎంబీ స్విచ్‌ని మూడో అంతస్తులో తగిలిస్తే కాలేజీ మొత్తానికి అదే రూట్ అయి కూర్చోవచ్చు. అప్పుడు కోర్‌ల మధ్య ఉన్న గిగాబిట్ లింక్ మూసుకుపోయి ట్రాఫిక్ ఆ ముసలి స్విచ్ మీదుగా తిరుగుతుంది. నెట్ పోదు, నెమ్మదిస్తుంది. అందుకే ఇది ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోతుంది.

రూట్‌ని మీరే నిర్ణయించండి

రూట్ కోర్‌లో ఉండాలి, వీలైతే ఆ వీలాన్‌కి గేట్‌వే (బయటికి వెళ్లే దారి) ఉన్న స్విచ్చే రూట్ కావాలి. ఎంత తక్కువ అంకె ఇస్తే అంత గట్టి రూట్. ప్రయారిటీ 4096 గుణిజాల్లోనే ఇవ్వాలి, లేకపోతే స్విచ్ ఒప్పుకోదు. మొదటి కోర్‌లో:

స్పానింగ్-ట్రీ వీలాన్ 10,20 ప్రయారిటీ 4096
స్పానింగ్-ట్రీ వీలాన్ 30,40 ప్రయారిటీ 8192

రెండో కోర్‌లో ఇవే అంకెలు తారుమారు చేయండి. 10, 20కి 8192, 30, 40కి 4096. ఇలా చేస్తే ఆఫీసు, ల్యాబ్ ట్రాఫిక్ ఒక అప్‌లింక్ మీద, వైఫై, కెమెరాల ట్రాఫిక్ రెండో దాని మీద పోతుంది. ఒక కోర్ పడిపోతే రెండోది మొత్తం మోస్తుంది. వీలాన్ 1ని కూడా వదలకండి, దానికీ మొదటి కోర్‌లో 4096, రెండోదాంట్లో 8192 ఇవ్వండి. ఎందుకో కింద వేరే కంపెనీల స్విచ్‌ల దగ్గర తెలుస్తుంది.

‘రూట్ ప్రైమరీ’ అనే షార్ట్‌కట్ కమాండ్ కూడా ఉంది. అది అప్పటి పరిస్థితి చూసి 24576 లాంటి అంకెని రాసి ఊరుకుంటుంది, రేపు ఇంకా తక్కువ అంకెతో ఎవరైనా వస్తే పట్టించుకోదు. నేను అంకెనే నేరుగా ఇస్తాను. కాన్ఫిగ్ చదివే వాళ్లకీ అది స్పష్టంగా ఉంటుంది.

రూట్ స్విచ్‌లు రెండూ యూపీఎస్ మీద ఉండాలి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రూట్ స్విచ్ రీస్టార్ట్ అయితే చెట్టు మొత్తం రెండుసార్లు మళ్లీ కట్టుకోవాలి, ఒకసారి రూట్ పోయినప్పుడు, ఇంకోసారి తిరిగొచ్చినప్పుడు.

పీసీలున్న పోర్ట్‌లు

ఈ మెట్టునే ఎక్కువమంది దాటేస్తారు. మోడ్ మార్చాక కూడా వేగం రాలేదని బాధపడేది వీళ్లే. కారణం తెలిస్తే మీరు దాటేయరు.

పాత ఎస్‌టీపీలో, అంటే మొదటి స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్‌లో, పోర్ట్‌కి లింక్ రాగానే 15 సెకన్లు వింటుంది, 15 సెకన్లు నేర్చుకుంటుంది, ఆ తర్వాతే ట్రాఫిక్ వదులుతుంది. ఆ 30 సెకన్లలో పీసీ ఐపీ అడిగి, జవాబు రాక, 169తో మొదలయ్యే అడ్రస్ పెట్టుకుని కూర్చుంటుంది. ‘సార్, నెట్ రావట్లేదు’ అని పొద్దున్నే వచ్చే ఫోన్‌లలో ఈ బాపతువి బోలెడు.

ర్యాపిడ్ మోడ్‌లో వేగం వచ్చేది స్విచ్‌లు ఒకదాన్నొకటి అడిగి ఒప్పుకోవడం వల్ల. ‘నేను ఈ పోర్ట్ తెరుస్తున్నాను, సరేనా’ అని ఒకటి అడుగుతుంది. రెండోది సరే అనే ముందు తన కింద ఉన్న పోర్ట్‌లన్నీ ఒక్క క్షణం మూసి, లూప్ లేదని నిర్ధారించుకుంటుంది. ఎడ్జ్ (అవతల స్విచ్ లేని పోర్ట్) అని గుర్తుపెట్టిన పోర్ట్‌లని మాత్రం ముట్టుకోదు. మీరు పీసీ పోర్ట్‌లని ఎడ్జ్ అని చెప్పకపోతే అవీ మూసుకుంటాయి. ఆ తర్వాత స్విచ్ వాటిని కూడా ‘సరేనా’ అని అడుగుతుంది. పీసీకి ఆ భాష రాదు, జవాబు ఇవ్వదు. దాంతో ఆ పోర్ట్‌లు మళ్లీ పాత 30 సెకన్ల దారే పడతాయి. పైన అప్‌లింక్ ఒక సెకనులో మారిపోయినా కింద ల్యాబ్ మొత్తం అర నిమిషం ఆగిపోతుంది.

కాబట్టి పీసీ, ప్రింటర్, కెమెరా పోర్ట్‌లన్నిటికీ:

ఇంటర్‌ఫేస్ రేంజ్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 1/0/1 - 20
స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్
స్పానింగ్-ట్రీ పోర్ట్‌ఫాస్ట్
స్పానింగ్-ట్రీ బీపీడీయూగార్డ్ ఎనేబుల్

చివరి లైన్ లేకుండా మూడో లైన్ ఎప్పుడూ ఇవ్వకండి. పోర్ట్‌ఫాస్ట్ అంటే పోర్ట్‌ని ఎడ్జ్ అని చెప్పడమే, అది పెట్టిన పోర్ట్ వెంటనే తెరుచుకుంటుంది. ఎవరైనా అందులో ఇంకో స్విచ్ తగిలిస్తే, లేదా బల్ల కింద ఉన్న చిన్న అన్‌మేనేజ్డ్ స్విచ్‌లో ఒకే కేబుల్ రెండు కొసలూ పెట్టేస్తే, బీపీడీయూ అనే స్పానింగ్ ట్రీ సందేశం ఆ పోర్ట్‌లోకి వస్తుంది. గార్డ్ ఉంటే ఆ ఒక్క పోర్ట్ మూతపడుతుంది, మిగతా కాలేజీ నడుస్తుంది. మూతపడ్డవి చూడటానికి:

షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్ ఎర్-డిసేబుల్డ్

పోర్ట్ దానంతటదే తిరిగి తెరుచుకోవాలంటే ‘ఎర్‌డిసేబుల్ రికవరీ కాజ్ బీపీడీయూగార్డ్’ అని కొట్టండి, 300 సెకన్లకోసారి ప్రయత్నిస్తుంది. మీరు ఎంవీపీలో ఉండి స్విచ్ అచ్యుతాపురంలో ఉంటే ఇది పెట్టుకోండి. మీరున్న బిల్డింగ్‌లోనే అయితే పెట్టకండి. మెట్లెక్కి వెళ్లి ఎవరు ఏం తగిలించారో చూసి, వాళ్లతో మాట్లాడి, తర్వాత మీ చేత్తో తెరవడమే మేలు.

బీపీడీయూఫిల్టర్ అనే ఇంకో కమాండ్ పేరు దీనికి దగ్గరగా ఉంటుంది. ఇంటర్‌ఫేస్ మీద అది పెట్టారంటే ఆ పోర్ట్‌లో స్పానింగ్ ట్రీ ఆపేసినట్టే. దాని జోలికి పోవద్దు.

ఏ మోడ్?

సిస్కోలో మూడు మోడ్‌లు కనిపిస్తాయి: పీవీఎస్‌టీ, ర్యాపిడ్-పీవీఎస్‌టీ, ఎంఎస్‌టీ. మొదటిది పాత 802.1డీనే, వీలాన్‌కొక చెట్టు చొప్పున నడుపుతుంది. లింక్ పోతే దారి మారడానికి 30 నుంచి 50 సెకన్లు. దీన్ని ఇంకా వాడటానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు. సిస్కో పాత కాటలిస్ట్ స్విచ్‌లలో డీఫాల్ట్‌గా ఇదే వస్తుంది కాబట్టి చూసి మార్చాలి.

ర్యాపిడ్-పీవీఎస్‌టీలో వీలాన్‌కొక చెట్టే, నడక మాత్రం 2001లో వచ్చిన 802.1డబ్ల్యూ ప్రకారం. పక్క స్విచ్ నుంచి వరసగా మూడు హలో సందేశాలు, అంటే 6 సెకన్లు, వినిపించకపోతే దారి మారుస్తుంది. లింక్ నేరుగా పడిపోతే అంతసేపు కూడా ఆగదు. స్విచ్‌లన్నీ సిస్కోవే అయి, వీలాన్‌లు పదుల్లో ఉంటే ఇదే ఎంచుకోండి. వీలాన్‌లు వందల్లోకి పోతే ప్రతిదానికీ ఒక చెట్టు నడపడం స్విచ్‌కి భారం. కాటలిస్ట్ 2960 లాంటివి 128 చెట్ల దగ్గర ఆగిపోతాయి, ఆ పైన వచ్చిన వీలాన్‌లకి కాపలా ఉండదు.

వేర్వేరు కంపెనీల స్విచ్‌లు కలిసి ఉంటే ఎంఎస్‌టీ. ఇది వీలాన్‌లని ఇన్‌స్టెన్స్‌లనే గుంపులుగా చేసి, గుంపుకొక చెట్టు నడుపుతుంది. ఒక కొటేషన్‌లో ఒక కంపెనీ, మరుసటి ఏడాది టెండర్‌లో ఇంకో కంపెనీ వచ్చే మన ఆఫీసుల్లో ఇదే సరైన మందు. దీన్ని కష్టమని పక్కన పెడతారు గానీ, జాగ్రత్తగా చేస్తే ఒక్కసారి పని.

మార్చే రోజు

మోడ్ మారిన క్షణంలో ఆ స్విచ్‌లో చెట్లన్నీ మొదటి నుంచి కట్టుకుంటాయి, కాసేపు నెట్ ఆగుతుంది. సాయంత్రం క్లాసులు అయ్యాక పెట్టుకోండి. కన్సోల్ కేబుల్ చేతిలో ఉండాలి. దూరంగా ఉన్న స్విచ్ అయితే పని మొదలుపెట్టే ముందు ‘రీలోడ్ ఇన్ 15’ కొట్టండి. సేవ్ చేయాలా అని అడిగితే వద్దనండి. మార్పు వల్ల మీకు దారి తెగిపోతే 15 నిమిషాల్లో స్విచ్ పాత కాన్ఫిగ్‌తో తిరిగి లేస్తుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ మరిచిపోకండి.

ర్యాపిడ్‌కి అయితే ఒక్కో స్విచ్‌లో:

స్పానింగ్-ట్రీ మోడ్ ర్యాపిడ్-పీవీఎస్‌టీ

పాత మోడ్‌లో ఉన్న పక్క స్విచ్ ఎదురైతే ఆ ఒక్క పోర్ట్‌లో పాత భాషకి దిగిపోతుంది కాబట్టి ఒకటొకటిగా మార్చుకోవచ్చు. మీరు కూర్చున్న చోటికి దూరంగా ఉన్న స్విచ్ నుంచి మొదలుపెట్టి దగ్గరకు రండి. అన్నీ మారాక కూడా ఏదైనా పోర్ట్ పాత భాషలోనే ఉండిపోతే ‘క్లియర్ స్పానింగ్-ట్రీ డిటెక్టెడ్-ప్రోటోకాల్స్’ కొట్టండి. అప్‌లింక్‌లు ఫుల్ డూప్లెక్స్‌లో (ఒకేసారి రెండు వైపులా పంపే తీరులో) ఉన్నాయో లేదో కూడా చూడండి. హాఫ్ డూప్లెక్స్ లింక్‌ని స్విచ్ షేర్డ్‌గా లెక్కేస్తుంది, అక్కడ వేగం రాదు.

ఎంఎస్‌టీకి అయితే ప్రతి స్విచ్‌లోనూ ముందుగా ఇది రాయండి:

స్పానింగ్-ట్రీ ఎంఎస్‌టీ కాన్ఫిగరేషన్
నేమ్ విశాఖ
రివిజన్ 1
ఇన్‌స్టెన్స్ 1 వీలాన్ 1-29
ఇన్‌స్టెన్స్ 2 వీలాన్ 30-4094

పేరు, రివిజన్, ఏ వీలాన్ ఏ ఇన్‌స్టెన్స్‌లో ఉందన్న పట్టిక, ఈ మూడూ అక్షరం పొల్లుపోకుండా అన్ని స్విచ్‌లలో ఒకటే ఉండాలి. పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా ఉన్నా అవి వేర్వేరు రీజియన్లు, అంటే ఒకే పట్టిక పంచుకోని వేర్వేరు గుంపులు, అయిపోతాయి. పైన నేను 4094 వరకూ అన్ని వీలాన్‌లనీ ముందే పంచేశాను. రేపు వీలాన్ 55 కొత్తగా పుట్టినా ఈ పట్టిక ముట్టుకోనక్కర్లేదు. ముట్టుకుంటే అన్ని స్విచ్‌లలో ముట్టుకోవాలి, ఆ మధ్యలో రీజియన్ విడిపోతుంది. ఇక రూట్ ప్రయారిటీలు ఇన్‌స్టెన్స్ వారీగా మళ్లీ ఇవ్వాలి, వీలాన్ వారీగా ఇచ్చినవి ఇక్కడ పనిచేయవు. మొదటి కోర్‌లో:

స్పానింగ్-ట్రీ ఎంఎస్‌టీ 0-1 ప్రయారిటీ 4096
స్పానింగ్-ట్రీ ఎంఎస్‌టీ 2 ప్రయారిటీ 8192
స్పానింగ్-ట్రీ మోడ్ ఎంఎస్‌టీ

రెండో కోర్‌లో అంకెలు తారుమారు. చివరి మోడ్ లైన్ మాత్రం అన్ని స్విచ్‌లలోనూ కొట్టాలి. ఇన్‌స్టెన్స్ 0 ఎవరూ పట్టించుకోరు గానీ బయటి ప్రపంచంతో మాట్లాడేది అదే, దానికీ రూట్ ఇవ్వండి.

వేరే కంపెనీల స్విచ్‌లు, రౌటర్లు

పాత హెచ్‌పీ ప్రోకర్వ్ స్విచ్‌లలో స్పానింగ్ ట్రీ ఆఫ్‌లో ఉంటుంది. ‘స్పానింగ్-ట్రీ’ అని ఒక్క మాట కొడితే ఆన్ అవుతుంది, ఎంఎస్‌టీలో నడుస్తుంది. అక్కడ ప్రయారిటీ 0 నుంచి 15 వరకు ఇస్తారు, దాన్ని 4096తో గుణించుకోవాలి. అక్కడ 1 అంటే 4096, డీఫాల్ట్ 8 అంటే 32768. జునిపర్ ఈఎక్స్ స్విచ్‌లు ఆర్ఎస్‌టీపీతో (ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ) వస్తాయి.

ర్యాపిడ్-పీవీఎస్‌టీ నడిపే సిస్కోకి ఇలాంటి స్విచ్ తగిలితే, ఆ స్విచ్‌కి అర్థమయ్యేది వీలాన్ 1 చెట్టు ఒక్కటే. మిగతా వీలాన్ల బీపీడీయూలు సిస్కో సొంత అడ్రస్‌కి పోతాయి, ఆ స్విచ్ వాటిని మామూలు ట్రాఫిక్ అనుకుని దాటించేస్తుంది. వీలాన్ 1కి కూడా రూట్ ఇమ్మన్నది ఇందుకే. ఇంకో చిక్కు ఖర్చు లెక్క, అంటే దారి ఎంచుకోవడానికి స్విచ్ ఒక్కో లింక్‌కి వేసే అంకె. సిస్కో పాత లెక్కలో గిగాబిట్ లింక్ 4, మిగతావాళ్ల కొత్త లెక్కలో 20000. రెండూ కలిస్తే మీరనుకోని దారి ఎంపికవుతుంది. సిస్కోలో ‘స్పానింగ్-ట్రీ పాత్‌కాస్ట్ మెథడ్ లాంగ్’ పెట్టి అందరినీ ఒక లెక్కలోకి తెండి.

రౌటర్ సంగతి. ఐపీ అడ్రస్ ఇచ్చిన రౌటర్ పోర్ట్ స్పానింగ్ ట్రీలో ఉండదు, అక్కడ సెట్ చేసేది ఏమీ లేదు. స్విచ్ మాడ్యూల్ ఉన్న రౌటర్‌లో ఆ మాడ్యూల్ పోర్ట్‌లు మాత్రం స్విచ్‌లానే ప్రవర్తిస్తాయి. మైక్రోటిక్‌లో రెండు పోర్ట్‌లని బ్రిడ్జ్‌లో పెట్టారంటే అది చెట్టులో సభ్యుడే. బ్రిడ్జ్ డీఫాల్ట్‌గా ఆర్ఎస్‌టీపీ, ప్రయారిటీ 32768. కోర్‌లలో అంకెలు ఇవ్వని ఆఫీసులో మ్యాక్ కలిసొస్తే ఆ రౌటరే రూట్. దాన్ని వరసలో చివరికి తోయండి:

ఇంటర్‌ఫేస్ బ్రిడ్జ్ సెట్ బ్రిడ్జ్1 ప్రోటోకాల్-మోడ్=ఆర్ఎస్‌టీపీ ప్రయారిటీ=61440

ఫైబర్ లింక్‌లు, ఉప్పుగాలి

లైబ్రరీ బ్లాక్‌కి వెళ్లే ఫైబర్‌కి రెండు వైపులా మీడియా కన్వర్టర్లు పెట్టి ఉంటే ప్రత్యేకంగా చూడండి. ఫైబర్ తెగినా కన్వర్టర్ నుంచి స్విచ్‌కి వచ్చే రాగి కేబుల్ బతికే ఉంటుంది, స్విచ్‌కి లింక్ బాగున్నట్టే కనిపిస్తుంది. రెండు పోగుల్లో ఒకటే తెగితే ఇంకా ప్రమాదం. ఒక దిక్కున బీపీడీయూలు ఆగిపోతాయి, మూసి ఉన్న పోర్ట్ అవతల ఎవరూ లేరనుకుని తెరుచుకుంటుంది, లూప్ పడుతుంది. దీనికి అన్ని స్విచ్‌లలో:

స్పానింగ్-ట్రీ లూప్‌గార్డ్ డీఫాల్ట్

కోర్ నుంచి యాక్సెస్ వైపు దిగే పోర్ట్‌లకి ‘స్పానింగ్-ట్రీ గార్డ్ రూట్’ పెట్టండి. కింద ఎవరు ఎంత తక్కువ ప్రయారిటీతో వచ్చినా రూట్ కాలేరు. రెండు కోర్‌ల మధ్య లింక్ మీద మాత్రం పెట్టకండి, అక్కడ ఒకరి స్థానంలోకి ఇంకొకరు రావాలి.

సముద్రం దగ్గరి బిల్డింగుల్లో, పోర్ట్ ఏరియా అయినా బీచ్ రోడ్ అయినా, ఆర్‌జే45 పిన్నులు తుప్పు పట్టి లింక్ పడుతూ లేస్తూ ఉంటుంది. అప్‌లింక్ ఇలా కొట్టుకుంటే తిరిగి లేచిన ప్రతిసారీ స్విచ్‌లు నేర్చుకున్న మ్యాక్ అడ్రస్‌లు చెరిపేసుకుంటాయి, ట్రాఫిక్ అన్ని పోర్ట్‌లకీ వెదజల్లుతుంది. నెట్ ఉండుండి ఈడుస్తోందంటే ఇది చూడండి:

షో స్పానింగ్-ట్రీ డీటెయిల్

టోపాలజీ మార్పులు (చెట్టులో దారులు మారడం) ఎన్ని జరిగాయి, చివరిది ఎంతసేపటి కింద, ఏ పోర్ట్ నుంచి వచ్చింది, మూడూ అందులో ఉంటాయి. ఆ పోర్ట్ వెంట స్విచ్ నుంచి స్విచ్‌కి వెళ్తే చెడ్డ కేబుల్ దగ్గరకే చేరతారు. కొత్త ప్లగ్ క్రింప్ చేయండి, పాతది తుడిచి మళ్లీ పెట్టకండి.

పరీక్షించండి

మూడో అంతస్తు పీసీ నుంచి గేట్‌వేకి ఆగకుండా పింగ్ పెట్టి, పనిచేస్తున్న అప్‌లింక్‌ని చేత్తో పీకండి. ఒకటి రెండు పింగ్‌లు పోయి తిరిగొస్తే సరిగ్గా ఉంది. 30 సెకన్లు ఆగితే ఎక్కడో పాత మోడ్ మిగిలింది, లేదా పీసీ పోర్ట్‌కి పోర్ట్‌ఫాస్ట్ లేదు. కేబుల్ తిరిగి పెట్టినప్పుడు కూడా పింగ్ గమనించండి. తర్వాత మొదటి కోర్‌కి పవర్ తీసి ఇదే చూడండి. ఇది చేయడానికి భయమేస్తుంది, కానీ మీరున్నప్పుడు పడిపోవడమే మంచిది. చివరగా ‘షో స్పానింగ్-ట్రీ రూట్’ అన్ని స్విచ్‌లలో కొట్టి ఒక్కో వీలాన్‌కి అన్నీ ఒకే రూట్‌ని చూపిస్తున్నాయో లేదో చూసుకుని, ప్రతి స్విచ్‌లో ‘రైట్ మెమరీ’ కొట్టండి. ఏ వీలాన్‌కి ఏ కోర్ రూట్, మామూలుగా ఏ పోర్ట్ మూసి ఉండాలి అన్నది బొమ్మ మీద రాసి ర్యాక్ తలుపు లోపలి వైపు అతికించండి.